ద్రాక్షతోటలకు మా ప్రయాణసన్నాహము



తీర్థయాత్రకనిన మన యిండ్లలో నెవ్వరును కాదనరు. పెండ్లికనిన పంపుదురు, పురిటికనిన పంపుదురు, పరామర్శకనిన బండి మాటలాడి మఱీ పంపుదురు. "ఊరక నాలుగు దినములు స్నేహితురాండ్రతో గలసి తిరిగి వచ్చెదను" అని చెప్పి గడప దాటిన యిల్లాలు మా వీథిలో నింతవఱకు లేదు. వచ్చు ఫిబ్రవరి మాసమున మేము నలుగురము అట్లు పోదలచినాము. పోవునది మహారాష్ట్రములోని నాసికాప్రాంతపు ద్రాక్షతోటలకు. రైలుటిక్కెట్లు కొనుటకు మాకు పట్టినది గడియసేపు. ఆ గడియ వచ్చుటకు మూడు మాసములు పట్టినది. ఆ మూడు మాసములలో నేమి జరిగినదో వ్రాసినచో, ఇట్టి కోరికను మనస్సులోనే యణచుకొని యున్నవారికి కొంత పనికివచ్చునని తలచి వ్రాయుచున్నాను.

మాది గోదావరి పడమటిగట్టున నున్న కొవ్వూరు. మా వారు ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయులు. నేను బడికి పోయినది తక్కువ. మా తాతగారు వీథియరుగుమీద గూర్చుండబెట్టి అమరము, రఘువంశము, భారతమున నాలుగైదు పర్వములు చెప్పిరి. మాలో పెద్ద పోస్టాఫీసులో పనిచేయు వదినగారు, లెక్కలన్నియు ఆమెవి. మూడవయామె మా పిన్ని కూతురు, హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నది. ముప్పదేండ్లు వచ్చినవి, ఇంకను పెండ్లి కాలేదు. నాలుగవయామె మా ప్రక్కవాటాలో కాపురముండి రవికెలు కుట్టుకొను నెల్లూరి పిల్ల. ఆ పిల్ల నన్ను అక్కా యని పిలుచును. నేను చెల్లెలనియే యనుకొందును.

మేము నలుగురము నెలకు 500 రూపాయల చొప్పున 20 నెలలు వేసికొనిన చీటి ఒకటి యున్నది. వెండి కుంకుమభరిణెలు కొనవలెనని మొదట మా యుద్దేశము. వెండి ధర పెరుగుచున్నకొలది మా భరిణెలు మనస్సులోనే చిన్నవగుచు వచ్చినవి. దీపావళికి వచ్చిన మా పిన్నికూతురు ఆ సంగతి విని, "అక్కయ్యా, ఆ డబ్బు పెట్టి నాసిక్ వెళదాం. మా ఆఫీసు ఆడపిల్లలు ద్రాక్షతోటల్లో మూడు రోజులుండి వచ్చారు. భరిణెలు ఎక్కడికి పోతాయి?" అన్నది. తోటలనిన నాకు ప్రాణము. ఒప్పుకొంటిని. ఆ తోటలలో ద్రాక్షాసవము, నేటివారి మాటలో వైను, చేయుదురనియు, అక్కడికి పోవువారు దానిని రుచి చూచి వత్తురనియు పిదప దెలిసినది. తెలిసిన పిమ్మటగూడ నా యుత్సాహము తగ్గలేదని దాచకుండ చెప్పవలెను.

ఇంటిలో నేమని చెప్పుటయనునది మొదటి చిక్కు. "షిర్డీ అని చెబుదాం. అక్కడికీ వెళదాంగా, అబద్ధమెట్లా అవుతుంది?" అని పోస్టాఫీసు వదినగారు మార్గము చూపిరి. షిర్డీ నాసికకు సుమారు 90 కిలోమీటర్లే. కాకినాడనుండి షిర్డీకి పోవు రైలున్నది, అది రాజమండ్రిలో ఆగును. మన గోదావరి జిల్లాల స్త్రీ లెందఱో ఆ రైలులో పోయి వచ్చుచున్నారు. బాబా పేరు చెప్పిన అడ్డు వచ్చువారు లేరు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ధర్మభయముకంటె వేఱొక యాలోచన నన్ను పట్టినది. ఈసారి దేవుని చాటున పోయినచో మఱుసారికి మఱియొక దేవుని వెదకికొనవలెను. మన కూతుండ్రకు గూడ నదే మార్గము మిగులును. పైగా ఈ దినములలో ఫోనులో నొక ఛాయాపటము చాలును, చుట్టములందఱికిని నిమిషములో దెలియును. అబద్ధమాడి పోయిన విహారమున మనస్సు సగము ఇంటిచూరు పట్టుకొని వ్రేలాడుచుండును. ఉన్నదున్నట్లు చెప్పుదమని నేనంటిని. వదినగారు చాలసేపు ఆలోచించి, "ముందు నువ్వు చెప్పు, ఏమవుతుందో చూసి నేను చెబుతా" అనిరి.

మా వారు వార్తాపత్రిక దింపకయే వినిరి. "మార్చిలో పదవతరగతి పరీక్షలు, నాకు ప్రత్యేకతరగతులుండును, ఫిబ్రవరి మొదటివారము దాటనీయకుడు" అని మాత్రము చెప్పిరి. అత్తగారితో జెప్పుటకు నాకు గొంతు పెగలలేదు. ఆమెకు డెబ్బదియేండ్లు. పురుళ్లకును చావులకును తప్ప ఊరు దాటలేదు. గోదావరి వంతెనను రైలులో దాటిన ప్రతిసారియు ఏదో యొక యింటి కష్టసుఖములకే దాటినది. ద్రాక్షతోటలు చూడబోవుచున్నామనియు, అక్కడ వైను చేయుదురనియు, షిర్డీ తిరుగుదారిలో చూచెదమనియు అంతయు చెప్పితిని. ఆమె రెండు దినములు నాతో మాటలాడలేదు. మూడవనాడు ఉదయము కాఫీగ్లాసు చేతికిచ్చుచుండగా, "అక్కడ మన గోదావరి ఎంత వెడల్పుంటుందే?" అని యడిగినది.

అత్తగారి ప్రశ్నకు మా వారు సమాధానము చెప్పిరి. నాసికకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున త్ర్యంబకమునొద్ద బ్రహ్మగిరిమీద గోదావరి పుట్టుచున్నది. అరేబియా సముద్రము అక్కడికి 80 కిలోమీటర్లే. దగ్గఱనున్న సముద్రమునకు వెన్ను చూపి, 1,465 కిలోమీటర్లు తూర్పునకు నడచి మనవైపు సముద్రమున గలియుచున్నది. అక్కడ నది సన్నని ధార. ఇక్కడ మనకు ఆవలిగట్టు మంచులో కనబడదు. గౌతముడు గోహత్యాపాపము బాపుకొనుటకై గంగను దింపినది త్ర్యంబకమున నని యచ్చటివారు చెప్పుదురు. ఆ గోవు పడిన చోటు మా కొవ్వూరి గోష్పాదమని మేము చెప్పుకొందుము. ఒక్క కథకు రెండు కొనలు. ఒక కొనయం దుండి రెండవకొన జూడని వారమైతిమి గదాయని నాకప్పుడే తోచినది.

ఇక ద్రాక్షమాట. అమరకోశము చదివినవారికి ద్రాక్ష కొత్త గాదు. మృద్వీక యనియు, గోస్తని యనియు, మధురస యనియు దానికి పేళ్లు. ఆవు చన్నువలె కోలగా నుండుటచేత గోస్తని. కౌటిల్యుని యర్థశాస్త్రములో ద్రాక్షరసమునుండి యగు మద్యమునకు మధువని పేరు చెప్పి, కాపిశాయనమని హారహూరకమని అది పుట్టిన దేశములబట్టి వ్యవహారము చూపబడినది. రఘువు దండయాత్రలో పారసీకుల గెలిచిన పిదప అతని భటులు ద్రాక్షపందిళ్లక్రింద తోళ్లు పఱచుకొని మధువుతో బడలిక దీర్చుకొనిరని కాళిదాసు వర్ణించినాడు. తాతగారు ఆ శ్లోకమును నాకు గబగబ చెప్పి తరువాతిదానికి పోయిరి. మంచి కవిత్వమును ద్రాక్షాపాకమని పొగడు మన వాఙ్మయమున ద్రాక్షతీగ నెన్నడును చూడని పాఠకురాండ్రమే యెక్కువ. మన ద్రాక్షారామమునకును ద్రాక్షకును సంబంధము లేదు. అది దక్షారామము, జనుల నాలుకమీద ద్రాక్ష యైనది.

నాసికాప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల యెత్తున నున్నది. పగలు ఎండ, రాత్రి చల్లదనము. పండ్లకు తీపి పట్టుటకు ఈ రెండును గావలెను. తినుడు ద్రాక్ష అక్కడ చిరకాలముగా పండుచున్నది. (మన హైదరాబాదు చుట్టును గూడ ఒకప్పుడు అనాబేషాహీ ద్రాక్షతోటలు విస్తారముగా నుండెడివి.) ఆసవమునకై పెంచు జాతులు అచ్చట వేరూనినది ఇటీవలి కాలముననే. అమెరికాలో చదివి యుద్యోగము చేసి తిరిగివచ్చిన రాజీవ్ సామంత్ 1999లో అక్కడ నొక సంస్థ నేర్పఱచి, 2000లో మొదటి వైను అమ్మకమునకు దెచ్చినాడు. తల్లి సులభ పేరు కలిసివచ్చునట్లు దానికి సులా యని పేరిడినాడు. 2001లో ఆ రాష్ట్ర ప్రభుత్వము ద్రాక్షపరిశ్రమకు ప్రోత్సాహకవిధానము ప్రకటించినది. పిదప గంగాపూరు ఆనకట్ట పరిసరములందును, దిండోరివైపునను అనేకశాలలు వెలసినవి. నేడు 'నాసిక్ వ్యాలీ వైను' అను పేరునకు, మన గద్వాల చీరలకును బందరు కలంకారికిని ఉన్నట్లే, భౌగోళికసూచిక రక్షణయు గలదు.

మన ప్రయాణమునకు ముఖ్యముగా తెలియవలసినది ఋతువు. చలిదేశములలో ద్రాక్షతీగ చలికాలమున ఆకురాల్చి నిద్రించును, వసంతమున చిగిర్చును, శరత్తున పండును. మన యెండలకు దానికి నిద్ర పట్టదు. అందుచేత రైతులు ఏడాదికి రెండుమాఱులు కత్తిరింతురు. ఏప్రిల్ ప్రాంతమున ఒకమాఱు. దానివలన కొత్తకొమ్మలు వచ్చును, ఫలమును కోరరు. సెప్టెంబరు, అక్టోబరులలో రెండవమాఱు; దానికి పూత, కాయ. కోత జనవరినుండి మార్చివఱకు. వానకాలమున పోయినవారికి పచ్చనికొండలు, జలపాతములు కనబడును, గుత్తులు కనబడవు. గుత్తి లేని ద్రాక్షతోట పెండ్లికూతురు లేని పీటవంటిది. సంక్రాంతికి మన మిల్లు కదలలేము. శివరాత్రికి త్ర్యంబకము జనసముద్రము. జనవరి 26 సెలవుదినమని యాశపడి పోవువారుందురు. ఆ దినము మద్యశాలలు మూసియుండును, దారులు మాత్రము నిండియుండును. శని, ఆదివారములందు ముంబయి, పూనాలనుండి కార్లు వరుసకట్టునట. ఇవన్నియు తీసివేయగా మాకు మిగిలినది ఫిబ్రవరి మొదటివారమున సోమవారమునుండి గురువారము. పుష్కరముల యేడు పోదలచువారు ఇంకను జాగ్రత్తపడవలెను: గురుడు సింహరాశిని బ్రవేశించునపుడు మనకు గోదావరీపుష్కరములు, అక్కడ సింహస్థ కుంభమేళా. 2015లో వచ్చినవి, మరల 2027లో. అప్పుడు బస దొరకుట కష్టము.

ఊరిపేరు శూర్పణఖ నాసికనుండి వచ్చినదని స్థలపురాణము. తన యిష్టము తానే చెప్పుకొని, తోడులేక తిరిగిన యాడుదానికి ముక్కుపోయిన యూరికే మనము పోవుచున్నామని నేననగా, పోస్టాఫీసు వదినగారు "ముక్కుపుడకలు ఇంట్లో పెట్టి వెళదాంలే" అనిరి.

ఇట్లు నవ్వుకొనుచు మేము ముగ్గురము దినములు లెక్కించుచుండగా, నెల్లూరి చెల్లెలు మాటలాడుట తగ్గించినది. కార్తికమాసమున నొకనాటి సాయంకాలము గోష్పాదరేవు మెట్లమీద దీపములు విడిచి కూర్చుండియుంటిమి. మా పిన్నికూతురు కూడ ఆ వారము వచ్చియుండెను. "అక్కా, నేను రాను. నా డబ్బు నాకు ఇచ్చేయండి" అని యా పిల్ల మెల్లగా జెప్పినది. కారణమడుగనక్కఱలేని మాట కాదు, అడిగితిమి.

"మా నాయన కూలి డబ్బు ఇంటికొచ్చింది నేనెరగను. సారా పాకెట్లే వచ్చేవి. ఆ ఖాళీ పాకెట్లతో నేను ఆడుకునేదాన్ని. బువ్వ లేని రోజు అమ్మ కొంగు తడిపి నా కడుపు మీద వేసేది. ఇప్పుడు నేను రైలెక్కి, డబ్బు పెట్టి, అది చేసే చోటికి పోయి చూసేదా?"

మా పిన్నికూతురు, "వదినా, వైను వేరు, సారా వేరు" అని యేదో చెప్పబోయినది. ఆ పిల్ల చేయెత్తి వారించినది. నలుగురమును చీకటి పడువఱకు నీటివైపు చూచుచు కూర్చుంటిమి.

మన పాఠకురాండ్రలో చిన్నవారికి దెలియకపోవచ్చును. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో రాత్రిబడికి పోయి అక్షరములు దిద్దుకొను స్త్రీలు తమ వాచకమున సారాను గూర్చిన పాఠము చదివి, చదివినది వదలక, ఊరిలో సారా అమ్ముటను అడ్డగించిరి. రోశమ్మ యనునామె వారికి ముందు నడచినది. అది ఊరినుండి యూరికి ప్రాకి, పాకెట్లు తగులబెట్టుట, సారాపాటలను ఆపుట వఱకు పోయినది. 1993 అక్టోబరు 1నుండి రాష్ట్రమంతట సారా నిషిద్ధమైనది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది తీసివేయబడినది. చదువు వచ్చిన కొలదికాలమునకే ఆడువారు ప్రభుత్వముచేత నొక శాసనము చేయించిన కథ మన దేశచరిత్రలో అరుదు. ఆ యుద్యమమున మా నెల్లూరి చెల్లెలి తల్లియు నున్నది. ఈ పిల్లకు అప్పు డైదేండ్లు. తల్లికొంగు పట్టుకొని సారాకొట్టు ముందఱ కూర్చున్న జ్ఞాపకము ఇప్పటికిని గలదట.

నేనింటికి వచ్చి యాలోచించితిని. నా చెల్లెలు చెప్పబోయినది కల్ల గాదు. ద్రాక్షాసవమున మద్యసారము నూటికి 12, 13 పాళ్లు. సారాలో అంతకంటె చాల హెచ్చు. మన యిండ్లలో బలమునకని ద్రాక్షారిష్టము, బాలింతలకని దశమూలారిష్టము అలమరలో నుంచుకొందుము. అందును తనంత జనించిన మద్యసారము కొంత యున్నదని సీసామీదనే వ్రాసియుండును, మనము చదువము. కాని పాళ్ల లెక్కతో ముగియు తగవు కాదిది. రుచి చూచి చాలించుట ఇంటిలో రేపటికి బియ్యమున్నవారి మాట. కూలికి బదులు పాకెట్టు పుచ్చుకొనిన యింట పెరిగినదానికి సీసా యందముతో పనిలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు గూడ, ఎంత తక్కువ త్రాగినను హాని లేదని చెప్పుటకు వీలులేదని 2023లో ప్రకటించిరి. అట్లని, తన సంపాదనతో తాను బ్రతుకు ముప్పదేండ్ల పిల్ల ఒక గిన్నెడు రుచి చూచినచో పతితురాలగునని నేననను. ఇద్దఱును నా చెల్లెండ్రే. ఒకతెను విడిచి ఒకతెతో పోవుట నా వలన గాదు. ప్రయాణమే మానుదమని వదినగారితో జెప్పితిని. "భరిణెలే కొనుక్కుందాం" అని ఆమెయు ననిరి. ఆ మాట చెప్పునపుడు ఆమె ముఖము నేను చూడలేకపోయితిని. ఇరువదిరెండేండ్ల యుద్యోగములో ఆమె తనకొఱకు సెలవు పెట్టినది లేదు.

ఎనిమిది దినములకు నెల్లూరి చెల్లెలు నా రవికె కుట్టి తెచ్చి, గుమ్మములో నిలువబడియే, "అక్కా, తోట చూస్తా. పండు తింటా. సీసాలుండే గదిలోకి రాను. చీటి డబ్బులో ఒక్క రూపాయి దానికి పోకూడదు. తాగినోళ్లు నా పక్కన పడుకోబాకండి" అన్నది. "మా యమ్మకు ఫోను చేసినా. పోయిరా, నేనెటూ చూడలేదు అనింది" అని చివఱకు చేర్చినది.

ఈ నాలుగు మాటలనుబట్టియే మా యేర్పాట్లన్నియు మరల వ్రాసికొంటిమి. మా పిన్నికూతురు ఫోనులో విని కొంతసేపు పలుకలేదు. పిదప, "నా ఖర్చు నేను పెట్టుకుంటాను. పొద్దున పూటే చూస్తాను, సాయంత్రానికి ఏమీ ఉండదు" అన్నది. గదులు రెండు తీసికొంటిమి. ఒకదానిలో ఆమెయు వదినగారును, రెండవదానిలో మేమిద్దఱమును. వదినగారు తాముగూడ చెంచాడు రుచి చూచెదమనిరి. అన్నగారితో జెప్పియే చూచెదరట. నేను లోపలికి పోయి పీపాలుంచు చల్లనిగది చూచి, ఆ వాసన యెట్లుండునో తెలిసికొని, వెలుపలికి వత్తును. రఘువంశము చదివిన నాటినుండి ఆ కోరిక యున్నది. పానముజోలికి పోను. ఆ సంగతి నెల్లూరి చెల్లెలితో ముందే చెప్పితిని. "వాసనకు డబ్బు లేదుగా" అన్నది.

ఆ శాలలలో జరుగునది యిది. ముందు తోట చూపుదురు. ఆసవపు ద్రాక్ష మన మంగడిలో కొను థాంసన్ ద్రాక్షవలె నుండదు. చిన్నది, తోలు మందము, గింజలు మెండు. షిరాజ్, సావిన్యాన్ బ్లాన్, షెనిన్ బ్లాన్ అని జాతులు. నల్లద్రాక్షయైనను లోని రసము ఇంచుమించు తెల్లనిదే, రంగంతయు తోలులోనిది. తోలుతో గూడ పులియనిచ్చిన ఎఱ్ఱనిది, రసము పిండి తోలు తీసివేసి చల్లగా పులియనిచ్చిన తెల్లనిది. మన యిడ్లీపిండి రాత్రి పొంగుటకును దీనికిని మూలము కంటికి కనబడని జీవులే. అక్కడ అవి పండులోని తీపిని దిని మద్యసారముగా మార్చును. పిమ్మట కొన్నింటిని సింధూరపుకఱ్ఱ పీపాలలో నెలలకొలది నిలువయుంతురు. తుదిని చిన్నచిన్న గాజుపాత్రలలో నాలుగైదు రకములు పోసి యిత్తురు. పుక్కిలించి ఉమ్మివేయుటకు ప్రత్యేకముగా నొక పాత్ర పెట్టుదురు, అది అమర్యాద గాదు. డబ్బిచ్చి కొనినదానిని ఉమ్మివేయుట మా వదినగారికి మాత్రము మింగుడుపడలేదు. గర్భవతులును, పాలిచ్చు తల్లులును, నిత్యము మందులు మ్రింగువారును దీని నసలే ముట్టరాదు. ఖాళీకడుపుతో పోరాదు. ఈ శాలలు ఊరికి దూరముగా నున్నవి, సాయంకాలము తిరుగుబండి దొరకుట కష్టము; అందుచేత దినమంతటికి డ్రైవరుతో గూడ కారు మాటలాడుకొనుటయు, బస ఊరిలోనే యేర్పఱచుకొనుటయు మేలు.

లోపలివారు లోపలనుండగా నెల్లూరి చెల్లెలు ఒంటరిగా చెట్టుక్రింద కూర్చుండుట నాకిష్టము లేదు. కావున ఆ పూటకు మే మిద్దఱ మొకదారి పట్టుదుము. ఊరికి దక్షిణమున త్రిరశ్మికొండమీద 24 బౌద్ధగుహలున్నవి, పాండవలేణి యందురు. మూడవగుహలో గౌతమీ బాలశ్రీ వేయించిన ప్రాకృతశాసనము గలదు. ఆమె గౌతమీపుత్ర శాతకర్ణికి తల్లి. కొడుకు పోయిన పిమ్మట, మనుమడు పులుమావి రాజ్యమున 19వ యేట, ఆ గుహను భిక్షువులకు దానమిచ్చి, కొడుకు గొప్పతనమంతయు రాతిమీద చెప్పించినది. మన చరిత్రపుస్తకములు శాతకర్ణిని పొగడు మాటలలో నధికభాగము ఆ తల్లి చెప్పించినవే. మా నెల్లూరి చెల్లెలికి ఈ కథ చెప్పగా, "మా యమ్మ పేరు ఏ రాతి మీదా లేదక్కా" అన్నది. ఆ గుహలో ఆ రాతిని ఆమెకు చూపవలెనని నాకు పట్టుదల.

తోటలో నింకొక సంగతి గూడ చూతుము. గుత్తులు పలుచనచేయుట, కాగితములు చుట్టుట, కోయుట చాలవఱకు కూలిస్త్రీల పని. సురగాణా, పేఠ్ మున్నగు కొండప్రాంతములనుండి పనికాలమున వచ్చి దిగుదురట. మనము విహారమునకు పోవుచోటు వారికి ఎండలో నిలువబడు చోటు. వారిని కదలించి ఛాయాపటములు తీయరాదని మాలో మేము కట్టుబాటు చేసికొంటిమి.

రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాదు చేరి, అక్కడ మా పిన్నికూతురిని గలిసికొని ముంబయి పోవు దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుదుము. అది నాసిక్ రోడ్డు స్టేషనుకు చీకటి యుండగనే చేరును. తెల్లవాఱువఱకు స్త్రీల విశ్రాంతిగది కదలరాదని వదినగారి యాజ్ఞ. మొదటిదినము నిద్ర, సాయంకాలము పంచవటి. రెండవదినము త్ర్యంబకము. మూడవది తోటలకు, గుహలకు. నాల్గవనాడు షిర్డీ పోవుచు దారి కొంచెము చుట్టైనను యేవలాలో పైఠణీచీరల మగ్గములు చూతుము. చూచుట మాత్రమే, కొనుటకు మా చీటి నాలుగింతలు కావలెను. తిరుగుప్రయాణము షిర్డీనుండి కాకినాడ రైలులో. మొత్తము 40,000 రూపాయలలో రైళ్లకు 13,000, బసకు 10,000, కారుకు 8,000, తిండికిని ప్రవేశములకును 6,000. తక్కిన 3,000 ఎవ్వరును ముట్టరాదని వదినగారు పోస్టాఫీసు కవరులో పెట్టి లక్క వేసిరి. అక్కడ రాత్రులు చలి, మధ్యాహ్నము ఎండ. తలకొక శాలువ, నడచుటకు మెత్తని చెప్పులు చాలును. పట్టుచీరలు వద్దని తీర్మానించితిమి. నేనొకటి పెట్టుకొంటిని.

పిల్లల భోజనములను గూర్చి యేమి చేసితివని తప్పక అడుగుదురు. పొడులు, పచ్చళ్లు సిద్ధము. అన్నము మా వారు వండుదురు. రెండు ఆదివారములు వండి చూపిరి, రెండవదానిని తినగలిగితిమి.

మొన్న అత్తగారు అటుకమీదినుండి మూతగల రాగిచెంబు దింపించి, చింతపండుతో తోమి, నా పెట్టెప్రక్కన నుంచినది. కుశావర్తమున నింపి తెమ్మన్నది. నింపిన తరువాత దానిని సీసాల గది దగ్గఱకు తీసికొనిపోవద్దని, నెల్లూరి పిల్ల చేతికిమ్మని, మఱీ మఱీ చెప్పినది.